రెండో చుక్క

మద్రాసు సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ఉన్న జనరల్ ఆసుపత్రిలో 1903 జూన్ 17న చార్లెస్ డోనవన్ అనే వైద్యుడు పన్నెండేళ్ల కుర్రవాడి ప్లీహంలోకి సూది గుచ్చి ఓ బొట్టు రక్తం తీశాడు. ఎంతకీ తగ్గని జ్వరం, రోజురోజుకూ పెరిగే ప్లీహం: మన ఇళ్లలో 'కడుపులో బల్ల పెరిగింది' అనేవారే, ఆ తరహా రోగాలన్నిటినీ అప్పట్లో ముదిరిన మలేరియా ఖాతాలోనే రాసేవారు. డోనవన్ ఆ బొట్టును గాజు పలక మీద పలచగా పూసి, ఆరనిచ్చి, రొమనోవ్‌స్కీ రంగు పట్టించి చూశాడు. మలేరియా క్రిమి కనిపించలేదు. అంతకుముందు చనిపోయిన కొందరు రోగుల ప్లీహాల్లో తాను చూసిన చిన్న చిన్న గుండ్రటి దేహాలే ఇక్కడా కనిపించాయి. బతికున్న మనిషిలో కనిపించాయి కాబట్టి, అవి చావు తర్వాత కణాలు చివికిపోగా మిగిలిన తుక్కు కాదని తేలిపోయింది. ఒక్కొక్కటీ రెండు నుంచి నాలుగు మైక్రాన్లు, అంటే మహా అయితే ఎర్ర రక్తకణంలో సగం. లేత నీలం రంగు పట్టిన ఆ దేహంలో ముదురు రంగు పట్టిన చుక్కలు రెండున్నాయి. ఒకటి పెద్దది, గుండ్రనిది. రెండోది చిన్నది, పొట్టి పుల్లముక్కలాంటిది, మొదటిదానికన్నా ముదురుగా రంగు పట్టినది. ఈ అధ్యాయం ఆ రెండో చుక్క గురించి.

రెండు చుక్కలున్న ఈ ప్రాణి ఏమిటన్న దానిపై ఆ ఏడాదే వాదం చెలరేగింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జ్వరం తగులుకుని ఇంగ్లండులో చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో విలియం లీష్మన్ అవే దేహాలను 1900లోనే చూశాడు, 1903 మే 30న ప్రచురించాడు. డోనవన్ రచన ఆరు వారాల తర్వాత జూలై 11న వచ్చింది. లీష్మన్ వాటిని శిథిలమైన ట్రిపనోసోములు అనుకున్నాడు. ట్రిపనోసోము తోకలాంటి కొరడాతో ఈదే ఏకకణ జీవి. దానిలోనూ ఇలాంటి పెద్ద చుక్క, చిన్న చుక్క ఉంటాయన్నదే అతని ఆధారం. డోనవన్ పంపిన పలకలను చూసిన పారిస్‌లోని లావరాన్ మాత్రం ఇది పశువుల రక్తంలో ఉండే పైరోప్లాస్మా జాతిది అన్నాడు. సికిందరాబాదులో 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రోనాల్డ్ రాస్‌కు కూడా డోనవన్ పలకలు చేరాయి. ఇది రెండిటిలో ఏదీ కాదు, కొత్త ప్రజాతి అని రాస్ తేల్చి, ఆ ఇద్దరి పేర్లూ కలిపి లీష్మేనియా డోనవాని అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ దాన్ని గాజు పాత్రలో పెంచితే కొరడా మొలిచి ఈదడం మొదలుపెట్టింది. శిథిలమైనదని పొరబడినా, చుట్టరికం విషయంలో లీష్మన్ ఊహే నిజమైంది. కాలా అజార్ అనే ఈ జ్వరపు క్రిమి ఏ కుదురుదో చెప్పింది పెద్ద చుక్క కాదు. అది కేంద్రకం, కేంద్రకం ఇలాంటి ఏకకణ జీవులన్నిటిలోనూ ఉంటుంది. చెప్పింది చిన్న చుక్క.

ఆ చిన్న చుక్క మైటోకాండ్రియా డీఎన్ఏ. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు, తెలిసే వీలూ లేదు. మైటోకాండ్రియా అన్న మాటే 1898లో పుట్టింది. 1924లో ఫ్యూల్గెన్ కనిపెట్టిన రంగు డీఎన్ఏ ఉన్నచోటే పట్టేది. ఆ ఏడే బ్రెస్లావ్, స్క్రెమిన్ అనే ఇద్దరు దాన్ని ట్రిపనోసోముల మీద వేసి చూస్తే కేంద్రకంతో పాటు చిన్న చుక్క కూడా రంగు తేలింది. కేంద్రకం బయట డీఎన్ఏ ఉందనడానికి అంత స్పష్టమైన సాక్ష్యం దొరికినా, ఇదేదో ఈ క్రిములకే ఉన్న వింత అని పక్కన పెట్టేశారు. దాదాపు నలభై ఏళ్లు గడిచాక, 1963లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ దంపతులు కోడిపిండం మైటోకాండ్రియాలో డీఎన్ఏ పోగులను చూశాక గానీ మైటోకాండ్రియాకు సొంత జన్యువులున్నాయన్న మాట నిలబడలేదు. మరో మూడేళ్లకు కోడి, ఎలుకల నుంచి తీసిన ఆ డీఎన్ఏ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చక్కటి వలయాలుగా కనిపించింది. 1981లో మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏను చివరంటా చదివారు: 16,569 అక్షరాల జతలు, 37 జన్యువులు, ఒకే వలయం. అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ అంటే వలయం. నేను చెప్పదలచింది ఏమిటంటే, ఆ వలయం మైటోకాండ్రియా స్వభావం కాదు, మనం ముందుగా తొంగిచూసిన ఇంటి స్వభావం. కోడితోనో ఎలుకతోనో కాక, 1924లో రంగు తేలిన ఆ చుక్కతోనే మొదలుపెట్టి ఉంటే, మనకు వేరే పాఠం వచ్చి ఉండేది. మైటోకాండ్రియా డీఎన్ఏకు స్థిరమైన ఆకారమంటూ లేదు; ఆకారం ఆ వంశం నడిచొచ్చిన దారిని బట్టి ఏర్పడింది. ఈ మాటకు సాక్ష్యమంతా ఏకకణ జీవుల దగ్గరే ఉంది, అందులో ముఖ్యమైన రెండు సాక్ష్యాలు మద్రాసు వైద్యులు నూరేళ్ల కిందటే చూసిన జ్వరాల్లోనే ఉన్నాయి.

ముందు లీష్మేనియాను చూద్దాం. దానికి మైటోకాండ్రియన్ ఒక్కటే ఉంటుంది, కణమంతా పాకి ఉంటుంది. అందులో కొరడా మొదలయ్యే చోటికి అంటుకుని బిళ్లలాంటి డీఎన్ఏ ముద్ద ఉంటుంది, దానికి కైనెటోప్లాస్ట్ అని పేరు. డోనవన్ చూసిన పుల్లముక్క ఈ బిళ్లే, అంచు వైపు నుంచి చూస్తే అలా కనబడుతుంది. కణాన్ని పగలగొట్టి ఆ బిళ్లను జాగ్రత్తగా నీళ్లలోకి దించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిస్తే అది విచ్చుకుంటుంది, లోపలున్నది ఒక వల అని తెలుస్తుంది. ఆ వలలో సుమారు పది వేల చిన్న వలయాలు. ఒక్కొక్కటి 800 అక్షరాల జతల వరకు ఉంటుంది. వాటి మధ్య కొన్ని పదుల పెద్ద వలయాలు, ఒక్కోటి దాదాపు 20 వేల అక్షరాలు. ఏ వలయమూ విడిగా ఉండదు, గొలుసు లంకెల్లా ఒకదాని బొడ్డులోంచి ఇంకొకటి దూరి ఉంటుంది. దీని చుట్టమైన క్రిథిడియా అనే క్రిమి వలను 1995లో లెక్కగట్టి చూస్తే ఒక్కో చిన్న వలయం సగటున మూడు పక్క వలయాలతో ముడిపడి ఉందని తేలింది. చెన్నైలో మార్గశిరం తెల్లవారుజామున వాకిళ్లలో వేసే మెలికల ముగ్గును తలచుకుంటే ఆ అల్లిక కొంత అర్థమవుతుంది. ఒక తేడా ఉంది: మెలికల ముగ్గులో చాలాసార్లు ఒకే గీత తిరిగి తిరిగి వస్తుంది, ఇక్కడ ప్రతి వలయం దేనికదే, పొడవు వెడల్పుల్లో అన్ని వైపులా పక్కవాటిని పట్టుకుని ఉంటుంది. లెక్క వేస్తే చిన్న వలయాలే 80 లక్షల అక్షరాలవుతాయి. లీష్మేనియా కేంద్రకంలోని జన్యురాశి ఒక ప్రతి సుమారు 3 కోట్ల 20 లక్షలు, అందులో ఇది నాలుగో వంతు. వరసగా సాగదీస్తే రెండున్నర మిల్లీమీటర్లు దాటే నూలు, నాలుగు మైక్రాన్లు మించని కణంలో ఓ మూల చుట్టుకుని ఉంది. మన వలయాన్ని తెంపి సాగదీస్తే ఆరు మైక్రాన్లు కూడా రాదు.

అంత డీఎన్ఏ ఎందుకన్న ప్రశ్నకు జవాబు 1990 దాకా దొరకలేదు. మైటోకాండ్రియా డీఎన్ఏలోని శ్వాసక్రియ జన్యువులన్నీ పెద్ద వలయాల్లోనే ఉన్నాయి, చిన్నవాటిలో చెప్పుకోదగ్గ జన్యువు ఒక్కటీ కనిపించలేదు. పైగా పెద్ద వలయాల్లోని జన్యువులు కూడా తప్పులతడకగా ఉన్నాయి. 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రాబ్ బెన్, అతని సహచరులు ట్రిపనోసోము జన్యువు ఒకదాన్ని, దాని నుంచి తయారైన ఆర్ఎన్ఏ సందేశాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, సందేశంలో నాలుగు యు అక్షరాలు అదనంగా ఉన్నాయి. జన్యువులో అవి లేవు. అంటే సందేశం తయారయ్యాక ఎవరో దిద్దారు. తర్వాత వెతికితే ఇది నాలుగు అక్షరాలతో ఆగలేదు. ఆఫ్రికా నిద్రరోగపు ట్రిపనోసోములో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే శ్వాస ఎంజైము మూడో భాగపు సందేశానికి 547 యు అక్షరాలు కొత్తగా చేరుతున్నాయి, 41 తీసేస్తున్నారు. సందేశంలో సగానికి పైగా దిద్దుబాటే. తెలుగు చదివేవారికి దీన్ని చెప్పడం తేలిక. గుణింతాలు వదిలేసి 'కల' అని రాసి ఇచ్చారనుకోండి. అది కాలు కావచ్చు, కోల కావచ్చు, కూలి కావచ్చు, కీలు కావచ్చు. ఎక్కడ ఏ గుణింతం పెట్టాలో చెప్పే చీటీలు వేరే ఉంటే తప్ప అది మాట కాదు. లీష్మేనియాలో ఆ చీటీలు గైడ్ ఆర్ఎన్ఏలు. లారీ సింప్సన్ ప్రయోగశాల 1990లో వాటిని పట్టుకుంది, వాటిలో చాలా భాగం రాసి ఉన్న చోటు చిన్న వలయాలే. ఒక్కో చీటీ సందేశంలో కొద్ది దూరం వరకే దారి చూపుతుంది, అక్కడి నుంచి ఇంకో చీటీ అందుకోవాలి. పది వేల వలయాలు చెత్త కాదు, అవి చీటీల బీరువా. కణం రెండుగా చీలేటప్పుడు ఏ చీటీ తప్పిపోయినా దాంతో దిద్దాల్సిన సందేశం చదవడానికి రాకుండా పోతుంది. ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పెంచిన బల్లుల లీష్మేనియా రకం ఒకదానిలో సరిగ్గా ఇదే జరిగింది, కొన్ని చిన్న వలయాలు పోయి, వాటి మీద ఆధారపడిన సందేశాల దిద్దుబాటు ఆగిపోయింది.

రెండో సాక్ష్యం మలేరియా. మేడల మీది నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెట్టే ఎనాఫిలిస్ స్టీఫెన్సై దోమ వల్ల చెన్నై మలేరియా ఊరి మధ్యనే తిష్ఠ వేసింది, ఎక్కువగా వైవాక్స్ రకం. ఆ క్రిమి మైటోకాండ్రియా డీఎన్ఏ లీష్మేనియాకు పూర్తిగా ఎదురు కొస. ఆరు వేల అక్షరాలు, మూడే ప్రోటీన్ జన్యువులు. ఇంతవరకు తెలిసిన అతి చిన్న మైటోకాండ్రియా జన్యురాశుల్లో ఇదొకటి. దాని ఆకారం చెప్పాలంటే మల్లె కట్టే చోటికి వెళ్లాలి. పూలమ్మి ఒక మల్లె, ఒక కనకాంబరం, ఒక మరువపు రెమ్మ, మళ్లీ మల్లె, కనకాంబరం, మరువం అంటూ మూరల కొద్దీ కట్టుకుపోతుంది. మలేరియా డీఎన్ఏ అలాంటి మాల: ఆరు వేల అక్షరాల తునక తలకు తోక తగిలించుకుంటూ వరసగా సాగుతుంది. ఇప్పుడు ఈ మాలను మీకు చూపకుండా తెంపిన ముక్కలు మాత్రమే ఇస్తే ఏమనుకుంటారు? మల్లె తర్వాత కనకాంబరం, కనకాంబరం తర్వాత మరువం, మరువం తర్వాత మళ్లీ మల్లె: ఇది మూడు పూల వలయం అనుకుంటారు. ముక్కలను అతికి గీసిన పటం వలయంలా వస్తుంది, అసలు వస్తువు మాత్రం బారుగా ఉంటుంది. ఈ పొరపాటు ఊహ కాదు. రొట్టెల ఈస్టులో కూడా పటం వలయమే, కానీ కణం నుంచి నేరుగా తీసి చూస్తే ఎక్కువ భాగం బారైన పోగులే కనిపిస్తాయి. మలేరియా విషయంలో వలయం మీది మోజు ఇంకో రకంగా దారి తప్పించింది. 1970లలో ఆ జాతి క్రిముల్లో 35 వేల అక్షరాల చక్కటి వలయం ఒకటి దొరికింది. వలయం కదా, మైటోకాండ్రియాదే అనుకున్నారు. 1987లో అఖిల్ వైద్య, పి. అరాసు ఎలుకల మలేరియా క్రిమిలో ఆ ఆరు వేల అక్షరాల తునకను గుర్తించాక, అసలు మైటోకాండ్రియా జన్యువులు దాని మీదే ఉన్నాయని తేలుతూ వచ్చింది. మరి ఆ వలయం? అది ఎప్పుడో మింగిన నాచు మొక్క హరితరేణువు అవశేషమని 1990లలో రుజువైంది. బొమ్మలోని ఆకారాన్ని నమ్మి రెండు అవయవాల వివరాలు తారుమారు చేసుకున్నాం.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగలవచ్చు. లీష్మేనియా, మలేరియా రెండూ పరాన్నజీవులు, ఒకరి ఒంట్లో చేరి బతికేవి, వాటి కణాల్లో వికృతులు ఉండటంలో ఆశ్చర్యమేముంది, వాటిని చూపి సూత్రాన్ని కొట్టేస్తారా అని. న్యాయమైన ప్రశ్నే. అయితే స్వేచ్ఛగా చెరువుల్లో బతికే జీవులను చూడండి. జీవశాస్త్రం ప్రాక్టికల్సులో ప్రతి విద్యార్థీ చూసే పారమీషియం మైటోకాండ్రియా డీఎన్ఏ బారుగా ఉన్న 40 వేల అక్షరాల కడ్డీ. దాని బంధువు టెట్రహైమెనాది కూడా బారైనదే. ఆకుపచ్చ నాచు క్లామిడోమోనాస్‌ది 15,800 అక్షరాలకు కాస్త తక్కువగా, బారుగా ఉంటుంది. సముద్రంలో ఎవరి ఒంట్లోనూ చేరకుండా కోట్ల కొద్దీ తిరిగే డిప్లోనీమాలను చూస్తే లీష్మేనియా సాధువుగా కనిపిస్తుంది. డిప్లోనీమాలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మొదటి భాగపు జన్యువు తొమ్మిది ముక్కలుగా తొమ్మిది వేర్వేరు వలయాల మీద ఉంది. ఒక్కో ముక్కా విడిగా ఆర్ఎన్ఏ అయ్యాక వాటిని కూర్చి అతుకుతారు, నాలుగో ముక్కకూ అయిదో ముక్కకూ మధ్య ఆరు యు అక్షరాలు చేర్చి మరీ. పరాన్నజీవనం దీనికి కారణం కాజాలదు. ఇంకో చిన్న ఆక్షేపణ కూడా దీనితోనే తీరుతుంది: వలయానికి కొసలు ఉండవు, బారు డీఎన్ఏకు ప్రతి విభజనలోనూ కొసలు అరుగుతాయి, కాబట్టి వలయమే సురక్షితం అంటారు. నిజమే, కొసలు సమస్యే. కానీ టెట్రహైమెనా కొసల్లో ఒకే మాటను పదే పదే రాసుకుని అరుగుదలకు సిద్ధంగా ఉంది. కాండిడా పారాప్సిలోసిస్ అనే ఈస్టు 738 అక్షరాల తునకను కొసల్లో వరసగా పేర్చుకుంది. క్లామిడోమోనాస్ రెండు కొసల్నీ ఒకదానికొకటి తిరగేసిన ప్రతులుగా చేసుకుంది. మలేరియా మాలనే పొడుగ్గా కట్టేసింది. ఒక్కో వంశానిది ఒక్కో ఉపాయం. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నవి కావు, అందువల్లే బారు ఆకారం ఒకసారి జరిగిన ప్రమాదం కాదని, వేర్వేరు చోట్ల వేర్వేరుగా పుట్టిందని చెప్పగలుగుతున్నాం.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ వేరే ఉంది. మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్ర బాక్టీరియా, బాక్టీరియాల డీఎన్ఏ సాధారణంగా వలయమే, కాబట్టి మొదటి రూపం వలయమే, తక్కినవి తర్వాతి వక్రాలు. దీనికి సాక్ష్యం కూడా ఉంది. రెక్లినోమోనాస్ అమెరికానా అనే మంచినీటి ఏకకణ జీవి మైటోకాండ్రియా డీఎన్ఏను 1997లో చదివారు: 69,034 అక్షరాలు, 97 జన్యువులు, బాక్టీరియాలో ఉన్న వరసలోనే పక్కపక్కన కూర్చున్న జన్యు గుంపులు, వలయాకారపు పటం. ఈ మాటను నేను కాదనను. పూర్వీకుడు వలయమే అయి ఉండవచ్చు. కానీ దానివల్ల మన వలయానికి ప్రమాణం హోదా రాదు. 97 జన్యువుల్లోంచి 37కు తగ్గి, వాటిలోనూ 22 కేవలం ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలు మోసుకొచ్చే ఆర్ఎన్ఏలవే అయిన మన వలయం కూడా చాలా దూరం ప్రయాణించి వచ్చినదే. అది అరిగి చిన్నదయింది, ఆకారం మాత్రం మారలేదు. మలేరియాది అరిగి, ఆకారమూ మారింది. లీష్మేనియాది మరో దారి పట్టి విపరీతంగా పెరిగింది. ఈ మూడింటిలో ఒకదాన్ని మామూలు అని, రెంటిని వికారాలు అని పిలవడానికి మనం మనుషులమన్న కారణం తప్ప నాకు మరొకటి కనిపించడం లేదు. కణాల్లో కేంద్రకం ఉన్న జీవుల వంశవృక్షంలో జంతువులన్నీ కలిపి ఒక కొమ్మ. మిగతా కొమ్మల్లో అత్యధికం ఏకకణ జీవులవే.

ఇక అసలు చిక్కుముడి. ఇంత ఖర్చుతో కూడిన వల ఏదో లాభం ఉంటేనే గదా కోట్ల ఏళ్లు నిలిచింది, ఆ లాభమేమిటో చెప్పకుండా చరిత్ర దారి అని తప్పించుకోవచ్చా అని జీవపరిణామం చదివినవారు నిలదీస్తారు. లాభాలను వెతికినవారు ఉన్నారు. నిద్రరోగపు క్రిమి మనిషి రక్తంలో ఉన్నప్పుడు ఒక రకంగా, ఈగ కడుపులో ఉన్నప్పుడు ఇంకో రకంగా సందేశాలను దిద్దుకుంటుంది, కాబట్టి దిద్దుబాటు ఒక మీట అంటారు. మీటగా పనికి రావడం నిజం. అయితే దొరికిన వస్తువును తర్వాత దేనికి వాడుకున్నారన్నది, అది ఎందుకు పుట్టిందన్న దానికి జవాబు కాదు. మైకేల్ గ్రే, ప్యాట్రిక్ కోవెల్లో 1993లో సూచించిన దారి నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. దాని ప్రకారం దిద్దే సామర్థ్యం ముందు, దిద్దాల్సిన తప్పు తర్వాత. ఆర్ఎన్ఏలో అక్షరాలు చేర్చగల ఎంజైములు వేరే పనుల కోసం కణంలో అప్పటికే ఉన్నాయి. జన్యువు తాలూకు తిరగేసిన ప్రతి ముక్క ఒకటి ఎక్కడో ఉంది. ఒకనాడు జన్యువులో ఓ అక్షరం రాలిపోయింది. మామూలుగా ఆ కణం చావాలి, కానీ ఉన్న సామగ్రితో సందేశం సరిపడా దిద్దుకోగలిగింది, బతికింది. ఇక ఆ సామగ్రి లేకపోతే కుదరదు. మరో అక్షరం రాలింది, మరో చీటీ తప్పనిసరయింది. ఒక్కో మెట్టు నష్టమూ కాదు లాభమూ కాదు, కానీ వెనక్కి రావాలంటే రాలిపోయిన వందల అక్షరాలు ఒక్కసారిగా తిరిగి రావాలి. అందుకే చక్రం ఒకవైపే తిరిగింది. దీన్ని పరీక్షించే జీవి మన దేశంలోనే ఉంది. 1880లో అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల్లో, ఒంటెల్లో గ్రిఫిత్ ఎవాన్స్ కనిపెట్టిన ట్రిపనోసోమా ఎవాన్సై మన పశువైద్యులకు సర్రా రోగంగా పరిచయమే. ఆఫ్రికా చుట్టానికి ఉన్నట్టు దీనికి ఈగ కడుపులో పెరిగే దశ లేదు, జోరీగల మూతి అంటుకుని ఒక పశువు రక్తంలోంచి మరో పశువు రక్తంలోకి పోతుంది. రక్తంలో చక్కెరకు కొదవ లేదు, మైటోకాండ్రియా శ్వాసతో పని లేదు. ఫలితం ఊహించవచ్చు: పెద్ద వలయాలు పోయాయి, రకరకాల చీటీలున్న చిన్న వలయాలు పోయి, దాదాపు ఒకే రకం వలయాలు మిగిలాయి. ఆ నష్టాన్ని తట్టుకోవడానికి కేంద్రకంలోని ఒక జన్యువులో మార్పు రావాల్సి వచ్చిందని కూడా తేలింది. వలకు వలగా ఏదో గొప్ప ప్రయోజనం ఉండి ఉంటే, శ్వాస అవసరం తీరిపోయిన చోట అది ఇంత త్వరగా చీకిపోకూడదు. దిద్దాల్సిన జన్యువులు ఉన్నంతకాలమే ఆ బీరువాకు కాపలా.

మరి ఆకారం ఇంతగా మారుతుంటే మారనిది ఏదైనా ఉందా? ఉంది. మనిషి వలయంలో, మలేరియా మాలలో, లీష్మేనియా వలలో వెతికితే సైటోక్రోమ్ బి, సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మొదటి భాగం, ఈ రెండిటి జన్యువులూ మూడు చోట్లా దొరుకుతాయి. మలేరియా మిగతా జన్యువులన్నీ వదిలేసుకుని ఈ రెంటినీ, వాటితో ఇంకొక్కదాన్నీ పట్టుకుంది. రైబోజోము ఆర్ఎన్ఏను సైతం పాతిక పైచిలుకు ముక్కలుగా చిందరవందర చేసుకుంది కానీ వీటి జోలికి పోలేదు. శ్వాసగొలుసు నడిమధ్యన, పొరలోనే నాటుకుని ఉండే ప్రోటీన్లు ఇవి. ఇక్కడే చదువుకున్నవారికి కాక జ్వరంతో పడుకున్నవారికి పనికొచ్చే సంగతి ఉంది. అటోవాక్వోన్ అనే మలేరియా మందు నేరుగా సైటోక్రోమ్ బి మీదే పనిచేస్తుంది. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ప్రోటీన్‌లో 268వ అమైనో ఆమ్లం మారితే మందుకు లొంగని క్రిమి పుడుతుంది. అయితే 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన, అలా మొండికేసిన క్రిములు మనిషి రక్తంలో బాగానే పెరిగినా దోమ కడుపులో ఎదగలేక పోతున్నాయని, అందువల్ల మొండితనం ఊరంతా పాకడం కష్టమని చూపింది. రక్తంలో శక్తి చాలావరకు చక్కెరతోనే గడిచిపోతుంది, దోమలో శ్వాస తప్పదు. సర్రా క్రిమి ఈగను వదిలించుకుని తన వలను పారేసుకుంది. మలేరియా క్రిమికి దోమను వదిలించుకునే దారి లేదు, అందుకే ఆ మూడు జన్యువులు అంత భద్రం.

కాలా అజార్ ఇప్పుడు మద్రాసు రోగం కాదు, ఎక్కువగా బీహారు, జార్ఖండ్, ఆ చుట్టుపక్కల జిల్లాలది. ఇసుక ఈగ దాన్ని మోస్తుందని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ రుజువు చేశారు. రక్తంలో క్రిమి ఉందా లేదా అని పీసీఆర్‌తో వెతికే పరీక్షల్లో చాలా వాటికి గురి ఆ చిన్న వలయాలే. కేంద్రకంలోని జన్యువుకు ఒక కణంలో ఒకటో రెండో ప్రతులుంటే, వీటికి పది వేలు. ఒక్క క్రిమి ఉన్నా దొరికే అవకాశం అన్ని రెట్లు పెరుగుతుంది. క్రిమిని కళ్లతో చూడాలంటే మాత్రం ఇప్పటికీ ఎముక మూలుగో ప్లీహపు బొట్టో గాజు పలక మీద పూసి, రంగు పట్టించి, నూనె పెట్టి చూడటమే. అక్కడ ఒక చిక్కు ఉంది. హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం కూడా ఇంచుమించు అంతే పరిమాణంలో, అవే కణాల్లో, అలాగే గుండ్రంగా కనబడుతుంది. రెంటికీ మందులు వేరు. అందువల్ల ల్యాబులో కొత్తగా చేరినవారికి నేర్పే నియమం ఒకటుంది. గుండ్రటి దేహం కనిపించిందని లీష్మేనియా అని రాయకూడదు. పెద్ద చుక్క కనిపించినా రాయకూడదు. ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పుతూ, దాని పక్కన పొట్టిగా, ముదురుగా, పుల్లముక్కలా ఉన్న రెండో చుక్క కంటబడిన తర్వాతే కాగితం మీద కలం పెట్టాలి.